మధ్యలో పోయిన ‘సే’

విమానాల షెడ్లలో కొత్తగా పనికి చేరేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు అక్షరాలు వచ్చేసరికి యాభై దాటాయి. ఒత్తులు తప్పితే మీరే సర్దుకోండి. విషయం మాత్రం తప్పు పోదు, ఎందుకంటే అక్కడ ఉన్నది నేనే, తప్పు చేసినవాళ్ళలో కూడా నేనున్నాను.

రాజమండ్రికి కాస్త దూరంలో, కాలవ దాటాక, విమానం నడపడం నేర్పే చిన్న స్కూలొకటి ఉండేది. భీమవరం వైపు రొయ్యల చెరువులున్న ఆసామి ఒకాయన సరదా కొద్దీ పెట్టారు. సిమెంటు రన్‌వే కాదు, పొడుగాటి గడ్డి నేల. ఆ గడ్డి కొయ్యడానికే నన్ను పెట్టుకున్నారు. గేదెల్ని తోలడం, షెడ్డు ఊడవడం కూడా నా పనే. కొన్నాళ్ళకి విమానాన్ని షెడ్డులోంచి బయటికి లాగడం కూడా నా మీద పడింది. చిన్నప్పుడు మా నాన్నతో ఎడ్లబండి తోలినదాన్ని. బరువుని ఎక్కడ పట్టి లాగితే కదులుతుందో నా చేతులకి తెలుసు. "ఆడమనిషి విమానం లాగడమేంటి" అని నవ్వినవాళ్ళే, తర్వాత వాళ్ళ మోటారు సైకిళ్ళు బురదలో దిగబడితే నన్ను కేకేసేవారు.

అక్కడ ముఖ్యమైనవాళ్ళు ఇద్దరు. ఒకరు ఇంజనీరు గారు. పాలకొల్లు మనిషి. సన్నగా, ఊదితే పడిపోయేలా ఉండేవారు. ఇంజనుతో మాట్లాడుతూ పనిచేసేవారు. "ఏంటమ్మా, ఇవాళ దగ్గుతున్నావు?" అంటే నన్నేమో అనుకుని "నాకు దగ్గు లేదండి" అనేదాన్ని. రెండోవారు విమానం నడిపే కెప్టెన్ గారు. భారీ మనిషి, గొంతు కూడా అంతే. ఆయన విమానం ఎక్కితే విమానం ఒక పక్కకి ఒరిగేది.

మొదట్లో ఉన్న విమానానికి ముందు ఒక చక్రం, వెనక రెండు చక్రాలు. తర్వాత ఆసామి గారు పాత విమానం ఒకటి కొన్నారు. దానికి ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద అరచెయ్యంత బుల్లి చక్రం. నేల మీద ఉంటే ముక్కు ఆకాశంలోకి పెట్టి, తోక నేలకి ఆనించి, కూర్చున్న కుక్కలా ఉండేది. దాన్ని కదపాలంటే తోక వైపు నుంచే. తోక రెక్క పట్టుకుని నెట్టావంటే రెక్క వంగిపోతుంది. అందుకని తోక చక్రానికి ఒక ఇనప కడ్డీ తగిలించి లాగాలి. దాన్ని వాళ్ళు టో బార్ అనేవారు. నా నోటికి మాత్రం అది నొగే. బండికి ఎడ్లని కట్టడానికి ముందుకు సాగి ఉండే దూలం లేదూ, అదే. "బండికి నొగ ముందుంటుంది, దీనికి వెనకుందేంటి సార్?" అంటే ఇంజనీరు గారు "ఇది వెనక్కి నడిచే బండమ్మా" అనేవారు.

తగిలించడం నేర్పింది కూడా ఆయనే. కడ్డీ కొస పంగలకర్రలా రెండుగా చీలి ఉంటుంది. ఒక్కో కొసకీ లోపలికి తిరిగిన చిన్న చీల. తోక చక్రం ఇరుసుకి అటొకటి ఇటొకటి కన్నాలుంటాయి. పంగని కాస్త విడదీసి, ఎడమ చీల, తర్వాత కుడి చీల కన్నాల్లోకి వదిలి, పైనున్న మర బిగించాలి. బిగించాక ఒక్కసారి గుంజి చూడాలి. విమానం బయటికొచ్చాక మర వదులు చేసి, కడ్డీని ఊడదీసి, షెడ్డు గోడకున్న కొక్కేనికి తగిలించాలి. కడ్డీకి ఎర్ర గుడ్డ పట్టీ ఒకటి వేలాడుతూ ఉండేది, దాని మీద ఇంగ్లీషు అక్షరాలు. ఎగిరే ముందు తీసెయ్యమని రాసుందట. నాకు అది ఎర్ర గుడ్డ, అంతే.

ఆ రోజు శ్రావణ మాసం, వాన తెరిపిచ్చిన ఉదయం. చుట్టుపక్కల వరినాట్లు జోరుగా ఉన్నాయి. మా పేటలో ఆడవాళ్ళంతా నాట్లలోనే ఉన్నారు. గడ్డి నేల చివర కాలవ, కాలవ అవతల వాళ్ళు నాట్లేస్తున్న మళ్ళు. షెడ్డు ముందు గడ్డి మోకాలి కిందకంటా పెరిగింది.

నేను వెళ్ళేసరికి కడ్డీ కొక్కేనికి లేదు. ముందు రోజు ఎవరో తగిలించడంలో జారి, నూనె డ్రమ్ముల వెనక పడింది. ఇంజనీరు గారు కాగితాలు రాసుకుంటూ గదిలోంచే అన్నారు:

"డ్రమ్ముల వెనకుందమ్మా బార్. తియ్యి."

"డ్రమ్ము కదలట్లేదండి."

"కదులుతుందిలే, నువ్వు లాగితే ఏదైనా కదులుతుంది. తియ్యి, తియ్యి. కెప్టెన్ గారు వచ్చేస్తారు, మళ్ళీ వాన దిగుతుందంటున్నారు."

డ్రమ్ము పక్కకి దొర్లించి, చెయ్యి దూర్చి, మోచెయ్యి గీరుకుపోయినా కడ్డీ బయటికి తీశాను. తోకకి తగిలించి, మర బిగించి, గుంజి చూసి, విమానాన్ని బయటికి లాగాను. ఎప్పుడూ నిలబెట్టే చోట నిలబెట్టి, కడ్డీ పిడిని కిందకి వదిలాను. మర విప్పుదామని వంగానో లేదో, దూరంగా గడ్డి నేల మధ్యలో మూడు గేదెలు. దున్నపోతు కూడా ఉంది. కర్ర పట్టుకుని పరిగెత్తాను.

తోలుకొచ్చేసరికి పావుగంట పట్టింది. ఆ దున్నపోతు నా మాట వినే రకం కాదు. రొప్పుకుంటూ తిరిగొచ్చాను. ఇంజనీరు గారు ముక్కు దగ్గర తలుపు తెరిచి, లోపల తల పెట్టి నూనె చూస్తున్నారు. కెప్టెన్ గారు అప్పుడే బండి దిగి, ఆకాశం వైపు చూస్తూ హడావుడిగా వస్తున్నారు.

ఇంజనీరు గారు తల బయటికి తియ్యకుండానే అడిగారు. "ఏమ్మా, బార్ తీశావా?"

నేను మోచెయ్యి చూసుకుంటూ చెప్పాను. "తీశానండి. చర్మం కూడా లేచిపోయింది."

"తీసింది కదా, ఇక సరే," అన్నారాయన.

కెప్టెన్ గారు "అంతా ఓకేనా సార్?" అన్నారు. "ఓకే సార్" అని ఇంజనీరు గారు కాగితం మీద సంతకం పెట్టారు. కెప్టెన్ గారు రోజూ విమానం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసేవారు, ప్రతి రెక్కా తడిమి చూసేవారు. ఆ రోజు మబ్బు చూసి, సగం చుట్టు తిరిగి, రెక్క కింద నుంచి దూరి ఎక్కేశారు. ముగ్గురిలో ఏ ఒక్కరు వెనక్కి నాలుగు అడుగులు వేసినా ఈ కథ లేదు.

సిమెంటు నేలైతే కడ్డీ గలగలమనేది. గడ్డిలో చప్పుడు లేదు. ఆ ఎర్ర గుడ్డ కూడా గడ్డిలో మునిగిపోయింది. విమానం పాములా అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ వెళ్ళింది. ముక్కు పైకుంటుంది కాబట్టి ఎదర కనపడదు, అలా వంకర్లు తిరిగితేనే పక్క నుంచి దారి చూసుకోగలరు. ముందు చూసుకోవడానికే అంత అవస్థ. వెనక చూసుకునేది ఎక్కడ?

నేను షెడ్డులోకి వెళ్ళాను, చీపురు కోసం. చీపురు ఆ కొక్కెం పక్కనే ఉంటుంది.

కొక్కెం ఖాళీగా ఉంది.

నాకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. డ్రమ్ముల వెనక చూశాను. అక్కడ లేదు, నేనే తీశాను కదా. చేతిలోకి చూసుకున్నాను. నిజంగా, ఖాళీ చేతుల్లోకి చూసుకున్నాను, అక్కడ ఉంటుందేమో అన్నట్టు. అప్పుడు తోక దగ్గర వదిలిన పిడి గుర్తొచ్చింది. బయటికి పరిగెత్తేసరికి విమానం పరుగు అందుకుంది. తోక లేచింది. తోక కింద కడ్డీ, తెంపుకున్న పలుపుతాడులా ఊగుతోంది.

"సార్! నొగ! నొగ!"

"నొగేంటమ్మా?" అని నవ్వుతూ అటు తిరిగారు ఇంజనీరు గారు. ఆ నవ్వు ఆయన మొహం మీద అలాగే ఉండిపోయింది. కళ్ళు మాత్రం మారిపోయాయి. అలాంటి మొహం నేను మళ్ళీ చూడలేదు, చూడాలని లేదు.

విమానం గాల్లోకి లేచిపోయింది.

ఆయన చేతి రేడియో అందుకున్నారు. రెండుసార్లు కింద పడేశారు. "సార్, తోకకి బార్ ఉండిపోయింది" అన్నారు.

కాసేపు బరబర. తర్వాత కెప్టెన్ గారి గొంతు: "ఎవరి తోకకి?"

"మీ తోకకే సార్."

ఇప్పుడు చెబితే మా మనవలు పడీ పడీ నవ్వుతారు. అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. ఇంజను మోత మాత్రం తలమీద తిరుగుతోంది.

కడ్డీ వెనక్కి లేచి తోక రెక్కకి అడ్డం పడితే విమానం చెప్పిన మాట వినదు. ఆ బరువుకి తోక దిగిపోయినా అంతే. ఇవి నాకు తర్వాత తెలిశాయి. ఆ నిమిషంలో నాకు తెలిసింది ఒక్కటే: అది ఊడితే ఎక్కడ పడుతుంది? కాలవ అవతల మళ్ళల్లో మా పేటవాళ్ళు నడుములు వంచి ఉన్నారు. మా చెల్లెలుంది. విమానం రోజూ తిరిగేదే కాబట్టి ఎవరూ తలెత్తి చూడరు. నేను కాలవ గట్టు మీదకి పరిగెత్తి అరిచాను. ఏమని అరిచానో నాకు గుర్తు లేదు. తర్వాత మా చెల్లెలు చెప్పింది: "గట్టెక్కండే గట్టెక్కండే అన్నావక్కా, వరద వస్తుందేమో అనుకున్నాం." వాళ్ళు నారు కట్టలు మడిలో వదిలేసి గట్టెక్కారు. తలలెత్తి చూశారు. అప్పుడు వాళ్ళందరి నోళ్ళూ తెరుచుకున్నాయి.

కెప్టెన్ గారు మూడు చుట్లు తిరిగి, కిందకి దిగారు. ముందు రెండు చక్రాల మీదే దిగి, తోకని ఎంతసేపు గాల్లో ఆపగలిగితే అంతసేపు ఆపారు. వేగం తగ్గాక తోక దిగాలి కదా, దిగింది. కడ్డీ కింద పడి తడి నేలలోకి గునపంలా దిగబడింది. విమానం దాని చుట్టూ గిర్రున తిరిగింది. రెక్క కొస నేలకి రాసుకుంది, ముందు పంకా బురద కొట్టి ఆగిపోయింది.

మేం పరిగెత్తాం. కెప్టెన్ గారు తనంతట తనే దిగారు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. గడ్డిలో కూర్చుని, ఒక షూ విప్పి చేతిలో పట్టుకున్నారు. అంత పెద్ద గొంతు మనిషి, చిన్నగా అడిగారు: "ఇది ఎందుకు తీశాను నేను?"

ఇంజనీరు గారు పక్కన కూర్చుని ఆ షూ తిరిగి ఆయన కాలికి తొడిగారు. లేసులు నేను కట్టాను.

రెండు రోజుల తర్వాత ఆసామి గారు ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఎవరు ఏం అన్నారో కాగితం మీద ఉండాలన్నారు. "నువ్వు తీశానన్నావా లేదా?" అని నన్ను అడిగారు. "అన్నానండి" అన్నాను. ఇంకా ఏదో చెప్పబోతే, "చాలు, అన్నావు కదా" అన్నారు. కాగితం రాసే పని ఇంజనీరు గారికి అప్పజెప్పారు.

ఆయన చాలాసేపు రాశారు. కొట్టేసి మళ్ళీ రాశారు. నా దగ్గరికి తెచ్చి, "చదివి వినిపించనా అమ్మా?" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన అడిగారు, నేను తీశానన్నాను, అందరూ విన్నారు. ఇక ఆయన ఏం రాస్తారో నాకు తెలుసనుకున్నాను. "అక్కర్లేదండి. చదువుకున్నవాళ్ళు మీరు, మీకు కావలసిందే రాసుకుంటారు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పండి చాలు" అన్నాను.

చోటు చూపించారు. వేలిముద్ర వేశాను. కాగితం నకలు ఒకటి మడిచి ఇచ్చారు. "దాచుకో. ఎవరిచేతైనా చదివించుకో."

పదిహేను రోజులకి ఆయన వెళ్ళిపోయారు. పెద్ద చోట పని దొరికి ఉంటుందనుకున్నాను. నెపం నా మీద తోసి, తను చేతులు దులుపుకున్నారని అనుకున్నాను. నన్నెందుకు ఉంచారో అర్థం కాలేదు. కెప్టెన్ గారు జాలిపడి ఉంటారని సరిపెట్టుకున్నాను. వెళ్ళే రోజు ఆయన సంచీ భుజాన వేసుకుని నేను గడ్డి కోస్తున్న చోటికి వచ్చారు. "వెళ్ళొస్తానమ్మా" అన్నారు. నేను కొడవలి ఆపలేదు. తలెత్తలేదు. ఆయన చెప్పులు కొంచెంసేపు అక్కడే కనపడ్డాయి, తర్వాత కనపడలేదు.

ఆ కాగితం రేకు పెట్టెలో, బైబిలు కింద పెట్టాను. ఎవరిచేతా చదివించలేదు. ఒకరికి చూపిస్తే పేటంతటికీ చూపించినట్టే. "విమానం కూల్చబోయిన మనిషి" అని నా మొహాన రాసి ఉంటుందని నా నమ్మకం. కానీ దాన్ని నేనే చదవాలని పట్టుదల పుట్టింది. ఆయన రాసిన అబద్ధాన్ని నా కళ్ళతో చూసి, ఆయన దగ్గరికి వెళ్ళి, ఆ కాగితం ఆయన మొహాన కొట్టాలని. మనుషులు మంచి కోసం చదువుకుంటారని చెబుతారు. నేను పగ కోసం చదువుకున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి వరండాలో రిటైరైన పంతులమ్మగారు ఒకావిడ పెద్దవాళ్ళకి అక్షరాలు చెప్పేవారు. మొదటి రోజు పలక పట్టుకుంటే నా వేళ్ళు కొడవలి పట్టుకున్నట్టే పట్టుకున్నాయి. "దాన్ని కొయ్యకమ్మా, రాయి" అనేవారు ఆవిడ. గుణింతాల దగ్గర ఏడాది ఆగిపోయాను. స, సా, సి, సీ. ఒత్తులు ఇంకో ఏడాది. కలిపి చదవడం వచ్చేసరికి మొత్తం అయిదేళ్ళు.

ఒక మధ్యాహ్నం తలుపు వేసుకుని ఆ కాగితం తీశాను. వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాను. ఇలా ఉంది:

"ఆ రోజు ఉదయం ‘బార్ తీశావా’ అని నేను అడిగాను. ‘తీసేశావా’ అని అడగవలసింది. డ్రమ్ముల వెనక నుంచి తియ్యమని అంతకుముందు నేనే చెప్పి ఉన్నందున, తీశానని ఆమె చెప్పిన మాట నిజం. విమానం వెనక్కి వెళ్ళి కళ్ళతో చూడవలసిన బాధ్యత నాది. చూడకుండా సంతకం చేశాను. ఇందులో ఆమె తప్పు లేదు. ఆమెను పనిలో కొనసాగించవలసిందిగా కోరుతున్నాను."

కింద ఆయన సంతకం. పక్కన నా వేలిముద్ర, నల్లగా, ఎంత కోపంగా అద్దానో అంత చెదిరిపోయి.

మళ్ళీ చదివాను. నాకు చదవడం సరిగా రాలేదేమో అనుకున్నాను. మూడోసారి ‘ఆమె’ దగ్గర ఆగిపోయాను. ఆమె ఎవరు? నేనే. అయిదేళ్ళు ఒక మనిషిని ప్రతి పూటా తిట్టుకున్నాను, ఆ మనిషి నా గురించి ఇలా రాశాడు. ‘తీశావా’, ‘తీసేశావా’. మధ్యలో ఒక్క ‘సే’. పంతులమ్మగారు నా చేత ఎన్నిసార్లు దిద్దించారో ఆ అక్షరాన్ని.

మర్నాడు కెప్టెన్ గారిని అడిగాను, ఆ ఇంజనీరు గారు ఎక్కడున్నారని.

"తెలీదా నీకు? ఆ తర్వాత విమానాల దగ్గర ఆయనకి ఎవరూ పనివ్వలేదు. పాలకొల్లు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో మోటార్లు చూస్తున్నారు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంటండి?"

"ఆయన మాటెత్తితే మొహం తిప్పుకునేదానివి. ఎవరు చెబుతారమ్మా నీకు?"

బస్సెక్కి వెళ్ళాను. ఐసు ఫ్యాక్టరీలో కాళ్ళ కింద నీళ్ళు, చెవులు గింగురుమనే మోత. ఆయన ఒక మోటారు ముందు కూర్చుని, మోచేతుల దాకా లోపల పెట్టి, దానితో ఏదో మాట్లాడుతున్నారు. ఇంకా సన్నబడ్డారు. తల తిప్పకుండానే, ఎవరో పనివాళ్ళు అనుకుని, "ఆ పానా ఇలా తియ్యి" అన్నారు.

"తియ్యాలా, తీసెయ్యాలా అండి?" అన్నాను.

ఆయన చేతులు మోటారులోనే ఆగిపోయాయి. తల తిప్పారు.

"చదివించుకున్నావా?"

"నేనే చదువుకున్నానండి."

ఆయన మొహంలో ఆ రోజు రన్‌వే దగ్గర చూసిన మార్పే వచ్చింది, కానీ ఇప్పుడు తిరగేసి: ముందు కళ్ళు నవ్వాయి, తర్వాత మొహం. నూనె చేతులతో కళ్ళు తుడుచుకుని మొహమంతా నల్లగా చేసుకున్నారు. ఆయన వెళ్ళిన రోజు తలైనా ఎత్తనందుకు ఏం చెప్పాలో నాకు తెలియలేదు. అందుకని బస్సులో అంతసేపూ నమిలిన ప్రశ్నే అడిగాను.

"అన్నీ రాశారు. గడ్డి సంగతి రాయలేదేంటండి?"

"రాయలేదు," అన్నారాయన. "ఆ ముక్క నాది కాదు కదమ్మా. రాయడం వచ్చాక నువ్వే రాసుకుంటావని వదిలేశాను."

ఇప్పుడు పని మానేశాను, భయపడాల్సిందేమీ లేదు. ఇదిగో, రాస్తున్నాను. షెడ్డు ముందు గడ్డి వానలకి పెరిగిందని పైన మీకు అనిపించేలా రాశాను. వానలకి కాదు. ఆ వారమంతా నేను గడ్డి కొయ్యలేదు. పొద్దున్నే వచ్చి మొహం చూపించి, ఎవరికీ చెప్పకుండా మా పేటవాళ్ళతో నాట్లకి పోయాను. ఇంజనీరు గారు చూశారు, చూడనట్టు ఊరుకున్నారు. కోసి ఉంటే, ఆ ఎర్ర గుడ్డ ఆయనకి ఇంజను దగ్గర నుంచే కనపడేది.